జులై ముప్పై ఒకటి

ద్వారకానగర్‌లో మెట్ల కింద గది.
ఆఖరి తేదీ, ఆఖరి గంట.
తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది,
ఎవర్నీ ఎక్కించుకోని రంగులరాట్నం.
పదకొండేళ్లుగా ఈ ఊరి జీతాలన్నీ
నా వేళ్ల కిందుగానే పోతున్నాయి.
నాది మాత్రం ఆ దారిన ఎప్పుడూ పోలేదు,
పన్ను అడిగేంత ఒళ్లు దానికి రాలేదు.

ఎర్రునాయుడు వచ్చాడు కూర్మన్నపాలెం నుంచి
బి షిఫ్టు దిగి, ఒంటి మీద బొగ్గు వాసనతో.
ఫారం పదహారు మడత విప్పుతూ అడిగాడు:
"టీవీలో అంటన్నారు తమ్ముడూ,
జీతం మీద పన్ను ఎత్తేత్తారట,
కొన్న సరుకు మీద కడితే సాలట. నిజమేనేటి?"
"అనడమే. ఇంకా ఏదీ లేదు."
"అయితే మటుకు, జీతం మొత్తం నా సేతికే వత్తాది గదా!"
ఇరవై ఆరేళ్ల సర్వీసులో
ఒక్కసారీ నిండుగా కళ్లబడని ఆ అంకెని
పుట్టబోయే మనవడి మొహంలా ఊహించుకున్నాడు.
కాదనలేకపోయాను.
కొలిమి ముందు కారిన చెమటకి
ఇల్లు చేరకముందే కోత పడడం
నాకూ ఏనాడూ నచ్చలేదు.

అద్దాల గదిలోంచి కామశాస్త్రి గారు నవ్వారు.
ఋషికొండ దగ్గర ఆయనకో క్లయింటు,
సముద్రం కనబడే కిటికీలు అమ్ముతాడు.
నెలకి ముప్పై లక్షలు వస్తే ఖర్చు రెండు.
షుగరు కదా, పొద్దున ఒక ఇడ్లీ, రాత్రి ఒక పుల్కా.
మిగతా ఇరవై ఎనిమిదీ
దుప్పటి కప్పుకుని నిద్రపోతాయి.
కొత్త లెక్కలో
నిద్రపోయే డబ్బుని ఎవరూ లేపి అడగరు.

పన్నెండు దాటింది. చక్రం ఆగింది.

తెల్లారుతుండగా ఫిషింగ్ హార్బర్.
వేలంలో పాడుకున్న కానాగంతల గంప దగ్గర
మసేనమ్మ వేళ్ల కణుపుల మీద లెక్క కడుతోంది.
నిన్న మిగిలింది తొమ్మిది వందలు.
ఐసుకి, ఆటోకి,
పగిలిన బేసిను బదులు కొత్త బేసినుకి,
మనవరాలి చెప్పులకి, సబ్బుకి, ఫోన్లో బేలెన్సుకి...
పొద్దుగూకేసరికి అన్నీ ఎలిపోనాయి.
ఆవిడ డబ్బు ఒక్క రాత్రయినా
ఇంట్లో పడుకున్న పాపాన పోలేదు.

"నువ్వు పన్ను కడతావా మసేనమ్మా?"
"నానేటి, పన్నేటి బావూ!
పన్ను కట్టీవోళ్లు మేడల్లో ఉంతారు."
కొత్త బేసిను బోర్లించి కూర్చుంది మీద.
దాని అంచున అతికిన ధర చీటీలో
ఆవిడ కట్టిన పన్ను
చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.
నేను చదివి చెప్పలేదు.
పొద్దున్నే బేరం చెడగొట్టడం దేనికని.

నాయుడి ఫారం జెరాక్సు వెనక
కలంతో వేసి చూశాను.
కిటికీలాయన ముప్పైలో రెండింటికి.
మసేనమ్మ తొమ్మిదొందల్లో తొమ్మిదొందలకీ.
మరి నాయుడు?
కూతురి ఇంజనీరింగు, తల్లి మందులు,
చేతికొచ్చిన నిండు జీతం
గాజువాక జంక్షన్ దాటేలోపు మళ్లీ కొలిమిలోకే.
ఇక నా సంగతి, ఫారాలే లేకపోతే
ఈ కలానికి పనేముంది?
నా లెక్కలో నేనూ పక్షపాతినే, ఒప్పుకుంటాను.

అరకిలో తూచి, ముల్లు నిలబడ్డాక
ఇంకో రెండు చేపలు సంచీలోకి విసిరింది.
"కొసరు" అంది,
అప్పటికే వేరే బేరం వైపు తిరిగిపోతూ.
ఇన్నేళ్లలో ఏ ఫారంలోనూ
కొసరుకి గడి చూడలేదు నేను.
అది అమ్మకమా? ఆదాయమా?
ఋషికొండ ఆసామి ఫ్లాటు అమ్మి
ఒక్క గుమ్మమైనా కొసరిచ్చాడని వినలేదు.

ఫోను మోగింది. నాయుడు.
"తమ్ముడూ, రిఫండు ఎప్పుడొత్తాది?"
సంచీలోంచి ఐసు నీళ్లు
నా లెక్కల కాయితం మీదికి కారుతున్నాయి.
సిరా ఉబ్బి, పాకి,
మసేనమ్మ తొమ్మిది వందలు
ఇంత లావయ్యాయి.