మొదటి జాబ్

మందమర్రిలో మా ఇంటికి గడియారం అక్కర్లేదు.
గని సైరన్ కూస్తే పొద్దు,
మళ్లీ కూస్తే వాకిట్లో నాయిన బూట్ల చప్పుడు.
ఇక్కడ హాస్టల్ మూడో అంతస్తులో
కాజీపేట రైళ్లు నిద్ర లేపుతాయి.
ఏ కూత ఏ బండిదో ఇంకా పట్టుబడలేదు.
ఒకటి మాత్రం తెలుసు,
అన్నిటికంటే నెమ్మదిగా, ఎంతకీ అయిపోకుండా పోయేది
మా ఊరి బొగ్గు.
మొదటి వారం దాని డబ్బాలు లెక్కపెట్టాను.
ముప్పై దాటి ఎన్నడూ పోలేదు.
అంతలోనే ఏడుపొచ్చేది, లేకుంటే నిద్ర.

రూమ్‌మేట్ జూరి. జోర్హాట్ నుంచి మూడు రైళ్లు మారి వచ్చింది.
తనకు తెలుగు రాదు, నా హిందీ అక్కరకు రాదు.
ఇద్దరం ఇంగ్లిషును అరువు బియ్యంలా
కొలిచి కొలిచి వాడుకుంటాం.
మెస్ సాంబారు తియ్యగుందని తిట్టడానికి మాత్రం
ఎవరి భాషా తక్కువ పడలేదు.

క్లాసులో సారు బోర్డు నిండా రాసి
"క్లియరా?" అంటాడు.
తొంభై తలలు ఊగుతాయి.
నా తలా ఊగుతుంది, నన్నడక్కుండానే.
ఇంటర్ దాకా అవకలనం అని పిలిచినదాన్ని
ఇక్కడ ఇంకో పేరుతో పిలుస్తుంటే
పెళ్లయి ఇంటిపేరు మారిన దోస్తును
అటెండెన్సులో విన్నట్టుంటుంది.
గుర్తుపట్టేలోగా బోర్డు తుడిచేశాడు.
మొదటి మిడ్‌లో లెక్కలకు ఇరవైకి ఆరు.
మండలం ఫస్టని ఫ్లెక్సీ కట్టిన మొఖం ఇది.

హన్మకొండ చౌరస్తాలో పాత డ్రాఫ్టర్ కొన్నాను, మూడొందల యాభైకి.
సంచి లోపలి గుడ్డ మీద ఎవరో రాసుకున్నారు:
"ఆర్. స్వరూప, సివిల్."
దాని కింద, వేరే సిరాతో:
"నాలుగు బ్యాక్‌లాగులు. అయినా పాసైన."

నాయిన గనిలో టింబర్‌మన్.
పైకప్పును కట్టెతో కొట్టి వింటాడు.
గట్టిగ మోగితే కింద నడువొచ్చు,
బోలుగ మోగితే దిమ్మె పెట్టాలె.
"అర్థమైతందా బిడ్డా?" అని ఫోన్లో అడిగితే
"ఆ, అయితంది" అన్నాను.
కాసేపు ఏం మాట్లాడలేదు.
విన్నట్టున్నాడు.

ఫిట్టింగ్ షాపులో ఓదేలు సారు
వైస్‌లో ఇనుప ముక్క బిగించి ఆకురాయి చేతికిచ్చాడు.
రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలి.
ట్రై స్క్వేర్ ఆనించి కిటికీ వైపు ఎత్తాలి.
సందులోంచి వెలుగు కనపడితే తప్పు.
వెలుగు కనపడితే తప్పు!
బడిలో పాడిన ప్రార్థనలన్నీ గుర్తొచ్చి నవ్వొచ్చింది.
రాకాను, ఎత్తాను, రాకాను.
అరచేతిలో బొబ్బ,
వేళ్లకు నాయిన టిఫిన్ డబ్బా వాసన.
"ఊకె రాకకు. ఎక్కువ పోతె మళ్ల అతకది.
యాడ ఆనుతలేదో ముందుగాల గది చూడు"
అని ఓదేలు సారు చాయ్‌కి పోయాడు.

తెల్లారి క్లాసులో మళ్లీ "క్లియరా?"
చెయ్యి లేచింది.
ఇంగ్లిషు దొరక్క గొంతు తెలుగులోనే వచ్చింది:
"మూడో లైను నుంచి అర్థం కాలే సార్."
వెనక ఎవరో నవ్వారు.
ఇంకెవరో, ఆ నవ్వు అయిపోకముందే,
"నాక్కూడా సార్" అన్నారు.
రెండోసారి చెప్పినా సగమే తెలిసింది.
ఏ సగమో తెలిసింది.

నాలుగో వారానికి ముక్కలు కూర్చున్నాయి.
వాటి మీద రోల్ నంబరు పంచుతో కొట్టాలి.
చివరి ఆరు తలకిందులై తొమ్మిదయింది.
లెక్కల సారుకు ఈ కిటుకు తెలిస్తే బాగుండు.

"జాబ్ అయిపోయింది" అని ఇంటికి ఫోన్ చేస్తే
"అప్పుడేనా! జీతమెంత?" అని వెనక నుంచి
పక్కింటి పోశక్క గొంతు.
ఫోటో పంపాను.
నాయిన వేళ్లతో పెద్దగా చేసుకొని చూసుంటాడు.
"ఏందిది? దేనికి పనికొస్తది?"

"దేనికీ రాదు నాయినా.
నడుమల వెలుగు పోకుంట కూసుంటది,
గంతే."