నూటికి తొంభై నాలుగు

నారిన్‌లో జనవరి.
సాయంత్రం ఆరింటికి కరెంటు పోతుంది,
ఎనిమిదికి వస్తే వచ్చినట్టు.
కాన్పుల లెక్కలు కొవ్వొత్తి ముందు రాసి రాసి
కళ్లు మంటలెత్తాక
రెండేళ్ల పొదుపు మూటగట్టి ల్యాప్‌టాప్ కొన్నాను.

అమ్మిన మెదెర్ అన్నాడు:
"సీలు విప్పని సరుకు, బురుల్చా అక్కా,
కళ్లు మూసుకుని వాడుకో."
కళ్లు మూసుకునే వృత్తి కాదు నాది.

ఇంటికొచ్చి, కోటైనా విప్పకుండా
బ్యాటరీ రిపోర్టు తెరిచాను.
ఫ్యాక్టరీ ఇచ్చిన మాట, యాభై వేలు.
నిండా నింపితే నిలిచేది, నలభై ఎనిమిది వేల నూట ఇరవై.
ఛార్జి చక్రాలు, రెండు.
రెండంటే రెండే!
మిగతా పద్దెనిమిది వందల ఎనభై
దారిలో ఎవరు తాగారు?

కొత్త తోలుసంచిలో గుర్రప్పాలు పోస్తూ
"ముందు సంచి తాగుతుంది, తర్వాతే మనం"
అనేది మా అమ్మమ్మ.
మాట గుర్తొచ్చింది గానీ నమ్మకం రాలేదు.

మర్నాడు బయట మైనస్ ఇరవై నాలుగు.
ఆసుపత్రికి చేరి చూస్తే
నలభై ఏడు వేల యాభై.
నూటికి తొంభై నాలుగు.
గంటకోసారి చూశాను.
చూసినకొద్దీ తగ్గుతుందేమోనని భయం,
చూడకపోతే నేను లేనప్పుడు తగ్గుతుందేమోనని ఇంకో భయం.
ఆనార్‌కుల్ నవ్వింది,
"దానికి కూడా పాలు పట్టవే" అని.

మెదెర్‌కి ఫోన్ చేసి కడిగేశాను.
వాడు ఓపిగ్గానే చెప్పాడు:
"అది తూకం కాదక్కా, అంచనా.
లోపల చిన్న చిప్పు కూర్చుని
ఎంత పోశారు, ఎంత వంచారు అని
వేళ్ల మీద లెక్కేస్తుంది.
చలికి దాని వేళ్లు కూడా కొంకర్లు పోతాయి.
పైగా దానికింకా అడుగు తెలీదు."

అడుగు తెలియడమంటే ఏమిటో
శుక్రవారం రాత్రి అర్థమైంది.

జీబెక్‌కి నొప్పులు మొదలైన అరగంటకే
వీధి వీధంతా ఆరిపోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
టార్చి ఆనార్‌కుల్ చేతిలో,
ల్యాప్‌టాప్ కిటికీ గట్టు మీద,
తెల్లటి ఖాళీ పేజీ ఒకటి తెరిచి
వెలుతురు మొత్తం మంచం వైపు తిప్పాను.
మూలన అంకె, అరవై రెండు.
తర్వాత ముప్పై.
తర్వాత నేను చూడలేదు.
తల కనిపిస్తున్నప్పుడు ఎవరు చూస్తారు?

ఎప్పుడో తలెత్తితే మూడు.
ఆ మూడు మీద అది నిలబడింది,
మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకునే ముసలమ్మలా
ఎంతసేపో నిలబడింది.
బొడ్డు కోసి ముడి వేశాక
చెప్పా పెట్టకుండా చీకటైంది.
చీకట్లో మొదటి ఏడుపు.
ఆడపిల్ల.

కరెంటు వచ్చాక తూచాం:
మూడు వేల రెండువందల పది గ్రాములు.

మూడోనాడు మూడు వేల ఇరవై.
తల్లి బావురుమంది, "కరిగిపోతోంది నా బిడ్డ."
ఇరవై ఆరేళ్లుగా చెబుతున్న మాటే చెప్పాను:
కడుపులోంచి తెచ్చుకున్న నీరమ్మా పోయేది,
అందరు పిల్లలూ ఇంతే,
ఊరికే తూచకు, పాలివ్వు.
చెబుతూ చెబుతూ చార్టు మీద లెక్క కట్టాను.
నూటికి తొంభై నాలుగు.
పెన్ను కాసేపు కదల్లేదు.

ఆ రాత్రి రిపోర్టు తెరిచాను, ఒకే ఒక్కసారి.
అట్టడుగుకి పోయి, నిండా తాగి లేచిన బ్యాటరీ
నలభై ఎనిమిది వేల ఐదొందలంటోంది.
పెరిగిందని కాదట,
తన లోతు తాను చూసుకొచ్చిందట.
మెదెర్ మాట ఇది, వాడి సరుకు కాబట్టి
సగమే నమ్ముతాను.

పదోరోజు పిల్ల మూడు వేల రెండువందల అరవై.
ల్యాప్‌టాప్ సంగతి తెలీదు.
శాలువాలో చుట్టి పొయ్యికి దూరంగా పెట్టాను.
మిగతా పదిహేను వందల గురించి మాత్రం
మంచు కరిగి దారి తెరిచాక
వాణ్ని ఎదురుగా నిలబెట్టి అడుగుతాను.