రెండో స్లాట్

కాశీబుగ్గ నుంచి సంచీ నిండా స్క్రూడ్రైవర్లతో
వచ్చాడు హేమసుందర్.
వచ్చీరాగానే డబ్బాని పక్కకి తిప్పి
ఎద్దు వీపు నిమిరినట్టు నిమిరి
"దీనికి స్క్రూలుండవు మేడమ్, గొళ్లెమే" అన్నాడు.
తొమ్మిదేళ్లు దాని మీద లెడ్జర్లు పెట్టాను,
టీ గ్లాసు పెట్టాను,
తిత్లీ తుపానుకి ముందు సాయంత్రం
టార్పాలిన్ చుట్టి బీరువా పైకెక్కించాను.
తలుపుందని తెలీదు.

మూత లేచింది.
లోపల బూజు కాదు, దూది కాదు,
జీడిపప్పు పొర.
మేం గంపలకెత్తి పారబోసే ఎర్రటి పొర
ఫ్యాను రెక్కలకి పూతలా పట్టేసి ఉంది.
బ్రష్షుతో దులిపి, వేళ్లు వాసన చూసుకుని
"వేయించిన వాసనండీ" అని నవ్వాడు.
మధ్యాహ్నాలు దాని వెనక నుంచి వేడిగాలి తగిలితే
నాకెందుకు ఆకలేసేదో ఇప్పుడు తెలిసింది.

సావుకారుకి పెద్ద కోరికలే ఉన్నాయి.
గేటు కాడ కెమెరాలు నాలుగూ దీంట్లోనే కనపడాలట,
విశాఖ నుంచి ఓ కార్డు కొనుక్కొచ్చాడు.
అట్ట విప్పితే కార్డు డబ్బా కంటే ఎత్తు.
"సగం ఎత్తువి వేరే ఉంటాయి సార్.
పవర్ సప్లై కూడా మార్చలేం,
దీని కొలత దీనిదే, బజార్లో దొరకదు."
సావుకారు కార్డుని మళ్లీ అట్టలో పెట్టి
డబ్బా కేసి చూశాడు,
అప్పడిగితే లేదన్న చుట్టాన్ని చూసినట్టు.

అప్పుడు టార్చి వేసి చూపించాడు కుర్రాడు:
"ఇదిగో, ర్యామ్‌కి రెండు స్లాట్లు. ఒకటే వాడుతున్నారు.
రెండోది ముందునుంచీ ఖాళీయే."

ముందునుంచీనా?
జీతాల శనివారాలు అది ఆయాసపడుతుంటే
అరచేత్తో నేను కొట్టిన దెబ్బలన్నీ
ఒక్కసారి నా చేతికి గుర్తొచ్చాయి.
చోటు లేక కాదు పాపం,
ఎవరూ తెరిచి చూడక.

పాత డిస్కులోది కొత్తదాంట్లోకి ఎక్కడానికి
రెండు గంటల పది నిమిషాలు.
పాతది ఇటుకంత బరువు,
లోపల ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు చప్పుడు.
కొత్తది పావుకేజీ పప్పు ప్యాకెట్ పాటి లేదు,
దానికి నోరూ లేదు.
నలభై ఒక శాతం. నలభై రెండు.
తెర మీద ఆ పచ్చగీత వెంట నడిచెళ్తున్నారు
గుండు, బద్ద, ముక్క,
కిలోల లెక్కన నూట పన్నెండుమంది ఆడవాళ్లు.
వాళ్లలో గున్నమ్మ కూడా.
మొన్న వైశాఖంలో కిడ్నీల జబ్బుతో పోయింది.
ఆమె వరస నేను కొట్టెయ్యలేదు,
రోజూ సున్నా కిలోలు వేస్తున్నాను.
"అక్కర్లేనివి తీసేస్తే బేగి అయిపోద్ది మేడమ్."
"అన్నీ ఎక్కించు బాబూ."
ఎందుకని అతను అడగలేదు, మెషీనూ అడగలేదు.

ఇప్పుడు పదకొండు సెకన్లు.
స్విచ్ నొక్కి నీళ్లసీసా మూత తిప్పేలోగా
ఎదురొచ్చి నిలబడుతోంది.
చప్పుడు లేకపోతే బతికుందో లేదో అని
మొదటి రెండ్రోజులూ దాని మీద చెయ్యి వేసి చూశాను.

శనివారం కిటికీ కాడికి దానమ్మ వచ్చింది.
జీడి తిన్న నల్లటి వేళ్లతో చీటీ చాపి
అలవాటుగా గుమ్మం మీదకి ఒంగింది.
ఇన్నేళ్లూ తెర మీద ఆ సున్నా గుండ్రంగా తిరిగినంతసేపూ
ఆమె అక్కడే కూర్చునేది.
కోడలి కాన్పు, చూడి గేదె,
గ్రేడింగు బల్ల కాడ ఎవరు ఎవర్ని ఏమన్నారో.
వారం మొత్తానికి ఆమె నడుం నిలిపే చోటు అదొక్కటే.

లెక్క అప్పటికే తెర మీద ఉంది.
"ఏటమ్మా, అప్పుడే అయిపోనాదేటి?"

తెరని కాస్త నా వైపుకి తిప్పుకున్నాను.
"లేదు దానమ్మా, ఇంకా తెరుచుకోలేదు.
కూకో."