దారం కనబడని వేళ

నరసాపురం డాక్టరమ్మ కాగితం మీద రాసింది:
నడక. నలభై నిమిషాలు. రోజూ.
ఎప్పుడో రాయలేదు.
తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి అడిగాను.
"ఏ టైమైనా పర్లేదమ్మా" అంది,
అన్ని టైములూ తనవే అయిన మనిషిలాగ.

పద్నాలుగో ఏట పట్టిన లేసు సూది ఇది,
కొసన కొక్కెం, చేతి వేడికి అరిగిన నడుం.
ముప్పై ఏళ్ళుగా నా వేళ్ళు నడుస్తూనే ఉన్నాయి,
అంతా కలిపి కొలిస్తే
కాశీకి పోయి తిరిగొచ్చి ఉంటాయి.
నేనే, అరుగు దిగలేదు.

ముందు తెల్లారగట్ట మొదలెట్టాను.
కాలవ మీద మంచు, కాగే పాలమీద పొరలా కదుల్తోంది.
గుర్రపుడెక్క పూలు ఇంకా కళ్ళు విప్పలేదు.
రిటైరైన కండక్టరు సత్తిరాజుగారు
చేతులు ఊపుకుంటూ ఎదురొచ్చి
"పొద్దుటి గాలి మందమ్మా, దీనికి టిక్కెట్టు లేదు" అన్నారు.
నిజమే. టిక్కెట్టు ఇంటి దగ్గర కొట్టారు.
నేనొచ్చేసరికి ఎండ గడప దాటేసింది.
ఆరింటికీ తొమ్మిదింటికీ మధ్య తెల్లటి వెలుతురులోనే
ఎనభై నంబరు దారం నాకు కనబడేది,
తర్వాత పోగు పోగులో కలిసిపోతుంది.
ఆ వారం మూడు పువ్వులు తగ్గాయి.
శనివారం ఏజెంటు టేపు పెట్టి కొలిచాడు,
ఒక్క మాటనలేదు,
నోట్లు మాత్రం తక్కువ లెక్కపెట్టాడు.

మధ్యాహ్నం సంగతి చెప్పక్కర్లేదు.
ఒక్కటంటే ఒక్క రోజు బయల్దేరాను.
తారు చెప్పుల్ని పట్టుకుని వదల్లేదు.
కొబ్బరిచెట్టు నీడ కూడా
మొదట్లోనే ముడుచుక్కూచుంది.

సాయంత్రం మంచిదంది సువార్తమ్మ,
సెల్లులో చూసిందట, అప్పుడు కండలు మెత్తబడతాయట.
కండలేమో గాని దోమలు లేచాయి.
గట్టు మీద సీసాలతో కుర్రాళ్ళు.
కుళాయి వచ్చేదీ అప్పుడే.
నిండు బిందె చంకనెట్టుకుని ఎనిమిదిసార్లు తిరిగాను,
అది నడకలోకి వస్తుందో రాదో
కాగితంలో లేదు.

మా ఆయన రాత్రిళ్ళు రొయ్యల చెరువు కాపలా.
క్యారేజీ పల్లాలమ్మ మనవడు సైకిలు మీద పట్టుకెళ్ళేవాడు,
వారానికి ఇరవై రూపాయలు.
ఒకనాడు వాడికి జ్వరం.
ఎనిమిదింపావు. కరెంటు పోయింది.
ఒళ్ళో సగం అల్లిన ఆకు.
దారం ఎక్కడుందో సూదికి తెలీదు, నాకూ తెలీదు.
లేచాను.

గట్టు సన్నం. ఒక చేత టార్చి, ఒక చేత క్యారేజీ.
కట్లపాముకి తెలిసేలా అడుగు గట్టిగా వేస్తూ
లెక్కపెట్టుకున్నాను:
గొలుసు, గొలుసు, గొలుసు, కుట్టు.
గొలుసు, గొలుసు, గొలుసు, కుట్టు.
మూడో చెరువు దగ్గర ఏరేటర్లు
చీకటిని మజ్జిగలా చిలుకుతున్నాయి.
నన్ను చూసి ఆయన గాబరాగా లేచాడు.
"ఏమైంది?"
"పప్పుచారు" అన్నాను.

ఆయన తింటున్నంతసేపూ
చెరువు చుట్టూ ఇంకో రెండు చుట్లు తిరిగాను.
వెలుతురికి అక్కర్లేదు ఈ ముక్క, పొయ్యికి అక్కర్లేదు,
ఏజెంటు టేపు ఇంత దూరం సాగదు.
నా రోజుకి ఇలా ఎవరికీ పనికిరాని అంచొకటి
మిగిలి ఉందని
ఇన్నేళ్ళూ తెలీలేదు.

కుర్రాడు జ్వరం తగ్గి వచ్చాడు.
ఇరవై చేతిలో పెట్టి, రాత్రిపూట చదువుకోరా అని పంపేశాను.
వాడి చదువు కోసం కాదు.

మూడు నెలలకి షుగరు దిగింది, కొంచెం.
కొంచెమే.
డాక్టరమ్మ రిపోర్టు తిప్పి చూసి
"పొద్దున్నా, సాయంత్రమా?" అంది.
దారం కనబడని వేళ, అన్నాను.
ఒక్క క్షణం నా మొహంలోకి చూసి
చీటీ మీద
రాత్రి అని రాసుకుంది.