ఐసు వెయ్యనా?

హనోయ్‌లో, రైలుకట్ట పక్క సందులో
పొద్దున తొమ్మిదింటికి నా పీపా వస్తుంది.
చీకటిపడేసరికి ఖాళీ.
రేపటికి దాస్తే పులిసిపోయే బీరు ఇది.
రోజూ మొదటి గుక్క నాదే,
రుచి చూసి కాలవలో ఉమ్మేస్తాను.
నాకు చేదు పడదు.
ఎవరితోనూ అనకండి, అమ్ముకునే మనిషిని.

లుద్వీక్ చెక్ దేశం వాడు.
లేతు మిషన్లు బిగించడానికొచ్చి ఉండిపోయాడు.
నా ఎర్ర ప్లాస్టిక్ పీట మీద
మోకాళ్లు చెవులకి తగిలేలా కూర్చుని
గ్లాసు దీపానికెత్తి చూసేవాడు,
గీటు పెట్టబోయే కంసాలిలా.
"నురగేది థోవా? నాలుగు వేళ్లుండాలి.
మీగడ కట్టనివి పాలేనా?"

ఐసు వెయ్యనా అని మొదటిసారి అడిగినప్పుడు
వాళ్లమ్మని తిట్టినట్టు చూశాడు.
మా ఎండకి అదే మందు అన్నాను.
"నీళ్లలో నీళ్లు కలుపుతున్నావు" అన్నాడు,
ఆరు గ్లాసులు తాగి పోయాడు.
పదకొండేళ్లు అదే మాట, అవే ఆరు.
ఐసు ఎప్పట్నించి మానకుండా వేయించుకుంటున్నాడో
నేనూ గమనించలేదు, తనూ గమనించలేదు.

ఒసాకా నించి వచ్చిన మోరియామా
ఏది పోసినా బాగుందనేవాడు.
అందుకే అతని నాలికని ఎవరూ నమ్మలేదు.

ఒక వానాకాలం వాంజికూ వచ్చింది,
కెన్యా పిల్ల, బళ్లో ఇంగ్లీషు చెప్తుంది.
"వేడిది ఉందా?" అంది.
టీ కాబోలని కెటిల్ పెట్టాను.
కాదట. బీరే, చల్లన చెయ్యనిది.
వాళ్ల నాన్న లారీ దిగి అదే తాగేవాడట,
చల్లబెడితే రుచి ముసుగు తన్ని పడుకుంటుంది అనేవాడట.

నా కొట్లో ఉన్నవన్నీ ఐసులోనే.
ఐసు తగలనిది ఒక్క డబ్బా ఉంది,
గోడ అరలో మా ఆయన ఫోటో ముందు,
పున్నమికి పెట్టింది, మూత మీద అగరొత్తి బూడిద.
బతికినన్నాళ్లూ ఆయన బీరు ముట్టలేదు,
బియ్యం సారా మనిషి.
బీరు పిల్లల తాగుడనేవాడు.
పోయాక ఏమీ అనలేడు గనక
అందరూ పెట్టేదే నేనూ పెడుతున్నాను.
ఎలాగూ తాగవుగా అని ఫోటోకి చెప్పి దించాను.
వాంజికూ బూడిద తుడిచి
సగం డబ్బా ఒక్క ఊపున తాగి
కళ్లు మూసుకుంది కాసేపు.
నేను పీటలు సర్దుకుంటూ అటు చూడలేదు.

అప్పట్నించి ప్రతి గురువారం పొద్దున్నే
ఆయన ముందు ఒక డబ్బా.
సాయంత్రానికి అది వాంజికూది.
మా అత్తగారు చూసి
"వాడి మీద ఎన్నడూ లేని భక్తి" అని మురిసింది.

లుద్వీక్ మాత్రం ఊరుకుంటాడా?
వెచ్చటి బీరంటే జ్వరమొచ్చిన బీరన్నాడు.
నీది చలికి బిగుసుకున్న శవం అంది ఆమె.
రెండు బళ్ల అవతలివాళ్లు కూడా
అన్నం మానేసి విన్నారు.
మోరియామా రెండూ చప్పరించి, రెండూ బాగున్నాయన్నాడు.

మోకాళ్లు అరిగాక లుద్వీక్ బ్ర్నోకి వెళ్లిపోయాడు.
ఎనిమిది నెలలు ఉలుకూ పలుకూ లేదు.
నిన్న రాత్రి కొట్టు మూస్తుంటే ఫోను.
"నురగ నాలుగు వేళ్లే, థోవా. ఏ లోటూ లేదు" అన్నాడు.
తర్వాత దగ్గాడు.
"ఇందాక నోరు జారి ఐసు అడిగాను.
అందరూ తాగడం ఆపేశారు.
ఎక్కణ్ణించొచ్చావని అడిగాడొక కుర్రాడు.
నేను పుట్టిన వీధిలోనే."
"ఏమన్నావు?"
"ఈ కుర్చీలు మరీ ఎత్తు అన్నాను."

ఈ పొద్దున పీపా వచ్చింది.
మొదటి గుక్క నోట్లో పట్టుకుని
కాలవ వైపు నడుస్తుంటే రైలొచ్చింది.
రైలొస్తే గోడకి అతుక్కుని నిలబడాలి,
దుమ్ముకి నోరు తెరవకూడదు.
చాలా పెట్టెలున్నాయి ఇవాళ.
మింగేశాను.