ఇప్పగింజల లెక్క

"అయిపోతదని ఎవడన్నడు?"
సిరొంచ బంకుల లారీ ఆపి నవ్విండు
జాడి మొండయ్య.
అయిపోతదని నేనంటలేను, మొండన్నా.
మా చిన్నమ్మ రాజుబాయి యాదికొచ్చింది, అంతే.

పెండ్లయిన ఏడు ఇప్పగింజలు పెరట్లనే,
కోడి కూసేలోపు గంపెడు.
ఆ చెట్టు ఎండినంక వాగు అవతల.
మొన్న మిరుగం నాడు
మూడు గుట్టలు దాటి పోయింది:
సద్దికి రెండు రొట్టెలు,
తోడుకు మనుమడు, వానికింత గట్క.
తెచ్చింది దోసెడు.
గానుగోడు పిండిచ్చిన నూనె
బుడ్డిదీపంల సగానికి రాలే.

అడవిల ఇంకా గింజలున్నయ్, నిజమే.
చిన్నమ్మే పోతలేదు.

ఫుల్ ట్యాంకన్నవా? కొట్టిచ్చుకో.
ఆ పైపుల పారేది
ఎంత లోతుకెల్లి
ఎంత తాగి వచ్చిందో
మీటరు మీద పడదు.