సీలు వేసిన నెట్టు

మండపేట. రాత్రి రెండుంబావు.
మిల్లు గోడౌను మీద మేడగదిలో నేను,
కిందనుంచి ఉడికిన వడ్ల ఆవిరి,
స్క్రీన్ మీద పదోసారి అదే మాట:
చోటు లేదు.

అబద్ధం. లెక్కేశాను.
ఆ మెషిన్‌లో సగం పైగా ఖాళీయే.
కానీ ఇక్కడో పేజీ, అక్కడో పేజీ,
సెకండ్ షోలో మిగిలిపోయిన సీట్లలా.
నాకు వరసగా ఐదొందల పన్నెండు కావాలి,
పక్కపక్కనే,
మధ్యలో ఒక్కడూ కూర్చోకుండా.

జరపడం కెర్నెల్‌కి అలవాటే.
నిద్రపోయేవాణ్ణి చాపతో సహా లాగినట్టు
ప్రోగ్రాముకి తెలీకుండా పేజీని పక్కకి మారుస్తుంది.
పేరదే, చోటు వేరు.
ఒక్కటి మాత్రం కదలనంది.
నలభై రోజుల కిందట
నెట్‌వర్క్ కార్డు దాన్ని పిన్ చేసుకుంది.
ఆ కార్డుకి పేర్లు తెలీవు, చోటే తెలుసు.
అందులోకి కొత్తగా ఎవరొచ్చి కూర్చున్నా
వాళ్ళ ఒంటి మీదే రాసేస్తుంది.

తెల్లారి మెట్లు దిగితే
జట్టు మేస్త్రి ఏసుపాదం, భుజాన కొక్కెంతో,
బ్యాంకాయనతో పేచీ పడుతున్నాడు.
ఆయన చేతిలో కరిగిన లక్క.
తాకట్టు ధాన్యం, మూడొందల బస్తాల నెట్టు,
సరిగ్గా గుమ్మానికెదురుగా.
"ఆగండి సార్. సీలేశాక మా బాబొచ్చినా కదపలేడు.
రేపు రెండు లారీలొస్తే ఎక్కడ దించమంటారు, మీ నెత్తి మీదా?
అప్పు తీరేదాకా ఉండేదైతే
ముందే గోడవారకి జరిపేద్దామండి.
అప్పుడేసుకోండి సీలు, పదేళ్ళుంచుకోండి."
బ్యాంకాయన వాచీ చూసుకున్నాడు.
లక్క గట్టిపడింది.
ఎనిమిదిమంది, గంటన్నర.

టీ తాగకుండా మేడెక్కాను.
రాసింది పదకొండు లైన్లే:
చాన్నాళ్ళుంటానని వచ్చినవాణ్ణి
ముందు ఓ పక్కకి మార్చు, తర్వాతే మేకు కొట్టు.
మార్చడం కుదరకపోతే
మొహమాటపడకు, కాదను.

సాయంత్రం ఏసుపాదానికి చెబితే నవ్వాడు.
"ఎన్నాళ్ళుంటారో అందరూ ముందే చెప్తారేంటమ్మా?"
గోడౌను నడిమధ్యకి చెయ్యి చూపించాడు.
వరదొచ్చిన ఏడు సీలేసిన నెట్టొకటి ఉండేదట అక్కడ.
అప్పు తీరింది. సీలేసినాయన బదిలీ అయ్యాడు.
తియ్యమని రాసిన కాగితం ఏ సొరుగులో పడిందో.
ఆరేళ్ళు.
పురుగు పట్టి, గోనె చివికి,
తనంతట తనే ఒరిగిపోతే
చీపుళ్ళతో ఊడ్చేశారు.

ఇప్పుడక్కడ ఉత్త గచ్చు.
చీకటి పడుతోంది, లైటింకా వెయ్యలేదు.
ఒక్కొక్కళ్ళే వస్తున్నారు, వీపున డెబ్భై ఐదు కిలోలు,
అక్కడికొచ్చేసరికి
ఎడమకి నాలుగడుగులు వంగి తిరిగి,
లేని నెట్టుని చుట్టి,
మళ్ళీ దారిలో పడుతున్నారు.

వాళ్ళలో ఓ కుర్రాడు, నిరుడు చేరినవాడు,
ఆ నెట్టుని చూడనే లేదు.
వాడూ అంతే.